విద్యార్థి ఉద్యోగియైన సంవత్సరము

మండపేటలో కాపురమున్నవానికి సంవత్సరాది ఒక్కటి కాదు. పంచాంగమునకు ఉగాది. ఆదాయపు పన్నుకును, బియ్యపు మిల్లుల దస్త్రములకును ఏప్రిల్ 1వ తేదీ. రెవెన్యూ అడంగలులో ఫసలీ మారునది జూలై 1వ తేదీన. గోడమీది క్యాలెండరు జనవరిలో మారును. ఈ నాలుగింటి నడుమ మనకెన్నడును తికమక కలుగలేదు. ఏ పనికి ఏ లెక్క వాడవలెనో మనకు పుట్టుకతో వచ్చిన విద్యవలె అలవడినది.

అమెరికాలో చదువుకొని అక్కడనే ఉద్యోగమున కుదురుకొన్న మన పిల్లలకు మాత్రము సరిగా ఈచోటనే చిక్కు వచ్చుచున్నది. విద్యార్థి వీసా పోయి ఉద్యోగపు వీసా వచ్చిన సంవత్సరమున వాడు పన్నుల దృష్టిలో ఎవడు? పరదేశియా, ఆ దేశవాసియా? ఏ ఫారము నింపవలెను? పన్నుల ప్రసంగమనగానే శ్రోతలు రేడియో చెవి త్రిప్పివేయుదురని నాకు తెలియును. కాని 2023-24 విద్యా సంవత్సరమున అమెరికా కళాశాలలలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగు బిడ్డలు తక్కువవారు కారు. మన పట్టణమున ఈ మాట పట్టని వీధి ఉన్నదని నేననుకొనను.

నేను చిరకాలము మిల్లుల జమాఖర్చులు వ్రాసినవాడను. అమెరికా పన్నుల పండితుడను కాను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మిత్రుని కుమారుని కాగితములు చూడవలసి వచ్చినది మొదలుకొని ఈ విషయము చదువుకొంటిని. ఆ మిత్రుడు 2024 నవంబరులో ఒకనాటి సాయంకాలము మా ఇంటికి వచ్చి, "ఏవండీ, మావాడికి హెచ్-వన్ వచ్చేసింది. ఇంక వాడు అక్కడివాడి కిందే లెక్క కదండీ?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నేను నాడు తటాలున "అంతే కదా" అంటిని. అది తప్పు. ఆ తప్పును గూర్చియే ఈ ప్రసంగము.

ముందు ఒక్క మాట విడదీయవలెను. వీసా అనునది దేశమున ఏ పనికై ఉండవచ్చునో చెప్పును. ఆదాయపు పన్నుకు మనిషి నివాసియా, అనివాసియా యనునది వేరొక చట్టము చెప్పును. 1984లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టము ఈ నిర్ణయమును దినముల లెక్కమీద నిలిపినది. అంతకు పూర్వము మనిషి అక్కడ స్థిరపడదలచెనా లేదా అని వాని ఉద్దేశమును, పరిస్థితులను విచారించి తేల్చెడివారు. ఇప్పుడు ఉద్దేశముతో పని లేదు. వ్రేళ్లు మడిచి లెక్కింపవచ్చును. ఈ సంవత్సరమున కనీసము 31 దినములు దేశములో ఉండవలెను. ఈ సంవత్సరపు దినములన్నియు, క్రిందటి సంవత్సరపు దినములలో మూడవ వంతు, అంతకు ముందటి సంవత్సరపు దినములలో ఆరవ వంతు కలిపి 183కు తక్కువ కారాదు. ఆ మొత్తము నిండినచో నివాసి, నిండనిచో అనివాసి. అనివాసి 1040-ఎన్.ఆర్. అను ఫారమును, నివాసి ఉత్త 1040ని దాఖలు చేయవలెను.

ఐనచో రెండు మూడేండ్లుగా అక్కడనే చదువుచున్న పిల్లవాడు ఎన్నడో నివాసి కావలెను గదా? కాడు. ఎఫ్-1 వీసామీద ఉన్న విద్యార్థి దినములు మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరములు ఈ లెక్కలోనికే రావు. ఇందుకు వారు వాడు మాట "ఎగ్జెంప్ట్". ఈ ఒక్క మాట ఎందరిని మోసగించినదో చెప్పలేను. మినహాయింపు అనగానే పన్నునుండి మినహాయింపు అని మనవారు సంతోషింతురు. మినహాయింపు దినముల లెక్కనుండియే గాని పన్నునుండి కాదు. సంపాదనయే లేకున్నను ఆ పిల్లలు ప్రతి సంవత్సరమును 8843 అను చిన్న ఫారమును పంపవలసియుండును. అది మేము లెక్కకు రాము అని చెప్పుకొను కాగితము.

ఆ ఐదేండ్లు కూడ మనము వయస్సు చెప్పుకొనునప్పటి "నడుచుచున్న ఏడు" వంటివి. ఆగస్టులో దిగినను, డిసెంబరు చివరి వారమున దిగినను ఆ సంవత్సరము పూర్తిగా ఒకటి క్రిందనే పోవును. మా మిత్రుని కుమారుడు 2021 ఆగస్టున వెళ్లెను. 2021, 22, 23, 24 అని నాలుగు సంవత్సరములైనవి. 2024 అక్టోబరు 1న వాని వీసా స్థితి హెచ్-1బి అయినది. అమెరికా ప్రభుత్వపు ఆర్థిక సంవత్సరము మొదలగునది ఆనాడే గనుక ఈ వీసాలు సాధారణముగ ఆ తేదీనుండి అమలునకు వచ్చును. కొందరికి ఆలస్యముగ కూడ వచ్చును. వారి లెక్క వారి తేదీనుండి చూచుకొనవలెను.

ఇక లెక్కింపుడు. సెప్టెంబరు 30 వరకు వాని దినములు విద్యార్థి దినములు, లెక్కకు రావు. అక్టోబరు 31, నవంబరు 30, డిసెంబరు 31, మొత్తము 92 దినములు. వెనుకటి రెండేండ్లనుండి వచ్చునది సున్న. 92 ఎక్కడ, 183 ఎక్కడ! కనుక హెచ్-1బి చేతనున్నను 2024 సంవత్సరమునకు వాడు ఆదాయపు పన్ను విషయమున అనివాసియే. 2025లో అక్కడనే ఉండి 183 నింపిన పిమ్మట జనవరి 1 నుండి నివాసి యగును. వీసా అక్టోబరులో మారినది. పన్ను స్థితి జనవరిలో మారినది. ఇవి రెండు ఉగాదులు.

ఇదే అక్టోబరు 1న మారునది మరొకటి కలదు. సోషల్ సెక్యూరిటీకి జీతములో నూటికి 6.2, మెడికేరుకు 1.45, వెరసి 7.65 వంతున ఉద్యోగినుండి పట్టుకొందురు. అనివాసియైన ఎఫ్-1 విద్యార్థి చదువు ముగిసి శిక్షణ కాలమున ఉద్యోగము చేయుచున్నను ఇది పట్టరాదు. హెచ్-1బి వచ్చిన దినమునుండి పట్టవలసినదే. ఆదాయపు పన్నుకు వాడింకను అనివాసియేనను మాట ఇక్కడ చెల్లదు. నెలకు ఆరువేల డాలర్లు వచ్చువానికి ఇది 459 డాలర్లు. అక్టోబరు జీతము చూచుకొని పిల్లలు ఇంటికి ఫోను చేయుటకు కారణమిదియే. కంపెనీవారు పొరపాటున అంతకు ముందే పట్టియున్నచో మొదట వారినే అడుగవలెను. వారు తిరిగి ఇయ్యనిచో 843 అను ఫారము ద్వారా ప్రభుత్వమును కోరవచ్చును. మరల మన దేశమునకు వచ్చివేయువారికి ఈ సొమ్ము దక్కునా? అక్కడి వృద్ధాప్యపు పింఛనుకు సామాన్యముగ పదేండ్ల జమ కావలెను. ఇరు దేశముల జమలను కలుపు ఒప్పందము 2025 నాటికి మనకును వారికిని లేదు. ఇది మనవారి న్యాయమైన ఫిర్యాదు అని నా అభిప్రాయము.

ఇప్పుడు మన పిల్లలకు గల ఒక మేలు చెప్పెదను. అనివాసులకు సాధారణముగ స్టాండర్డ్ డిడక్షన్, అనగా లెక్క చూపకయే ఆదాయమునుండి తీసివేయు స్థిరమైన మొత్తము, ఉండదు. 1989 సెప్టెంబరు 12న ఢిల్లీలో సంతకములై 1990లో అమలునకు వచ్చిన భారత-అమెరికా పన్నుల ఒడంబడికలోని 21వ అధికరణము మన విద్యార్థులకు దానిని ఇచ్చినది. 2024 సంవత్సరమునకు ఒంటరివానికి అది 14,600 డాలర్లు. ఇతర దేశముల విద్యార్థులు మనవారిని చూచి అసూయపడునంతటి మేలు. ఐతే ఆ అధికరణము ముఖ్యముగ చదువుకై, శిక్షణకై వచ్చి ఉన్నవారిని ఉద్దేశించినది. అక్టోబరు తరువాతి మూడు నెలల జీతమునకు ఆ నీడ ఎంతవరకు వచ్చునను విషయమున తెలిసినవారిలోను ఏకాభిప్రాయము లేదు. వీసా మారిన ఆ ఒక్క సంవత్సరమునకైనను తెలిసిన అకౌంటెంటుకు రుసుమిచ్చి చూపించుకొనుట మంచిది. ఇది నేను నా వృత్తివారి పక్షమున చెప్పుచున్నానని అనుకొనవద్దు. వారు అమెరికాలో ఉన్నారు, నేను మండపేటలో ఉన్నాను. రాష్ట్రముల పన్ను మరల వేరు. టెక్సాసులో జీతముపై రాష్ట్రపు పన్నే లేదు. కాలిఫోర్నియా ఈ ఒడంబడికను లెక్కపెట్టదు.

మిత్రుని కుమారుని పాత కాగితములు తెప్పించి చూడగా అసలు గుట్టు బయటపడినది. 2022లో వాడు వేసవిలో కొన్ని నెలలు పని చేసియుండెను. మరుసటి వసంతమున గదిలోని స్నేహితులందరును ఒకే కంప్యూటరు ముందు కూర్చుండి, ఇంటింట వాడుకలోనున్న ఒక సాఫ్టువేరుతో రిటర్నులు పంపిరి. అట్టి సాధనములు పెక్కు ఆ దేశవాసులకై చేసినవి. మీరు అనివాసులా అని గట్టిగా నిలదీయవు. వీడు 1040 పంపెను. అందులో చదువు రుసుములపై ఇచ్చు పన్ను తగ్గింపును కూడ కోరెను. అది అనివాసికి లేదు. డబ్బు వాపసు వచ్చెను. వచ్చినది గనుక ఒప్పే యని వాడు తలచెను.

డబ్బు వచ్చుట ఒప్పునకు సాక్ష్యము కాదు. 2020లో కరోనా కాలమున ప్రభుత్వము మనిషికి 1,200 డాలర్ల వంతున పంచినప్పుడు, పొరపాటున 1040 పంపియున్న విదేశీ విద్యార్థులకు పెక్కుమందికి ఆ సొమ్ము చేరినది. అనివాసులకు అది చెందదు. తరువాత వారు దానిని తిరిగి పంపి, రిటర్ను దిద్దుకొనవలసి వచ్చినది. రిటర్ను అడుగున చేయు సంతకము, ఇందున్నది సత్యము, అసత్యమైనచో శిక్షకు పాత్రుడను అను ప్రమాణము. తరువాత ఎప్పుడో గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టునాడు ఆ కాగితములు మరల బయటకు వచ్చుటకు అవకాశమున్నది.

"బాబాయిగారూ, ఇప్పుడు కదిపితే లేనిపోని గొడవ కదా?" అని కుర్రవాడు ఫోనులో అడిగెను. వాని భయము నాకు తెలియును. మిల్లు తనిఖీకి వచ్చినవారి ఎదుట పాత దస్త్రము తానై తెరచువాడెవడు? కాని ఇక్కడ మార్గము సులభమైనదే. 1040-ఎక్స్ అను సవరణ ఫారమునకు సరియైన 1040-ఎన్.ఆర్. జతపరచి, అధికముగ వచ్చిన సొమ్మును వడ్డీతో కట్టివేయుట. వారు కనిపెట్టక మునుపు మనమే దిద్దుకొనుటకును, వారి ఉత్తరము వచ్చిన పిమ్మట దిద్దుకొనుటకును చాల భేదము కలదు. వాడు దిద్దుకొనెను.

ఇంతలో పెండ్లి వచ్చినది. 2024 డిసెంబరులో, ధనుర్మాసము రాకముందే, ఇక్కడనే పెండ్లి. వరుడు నవంబరు 30న అక్కడ బయలుదేరి డిసెంబరు 22న తిరిగి చేరెను. మధ్య 21 దినములు దేశములో లేడు; బయలుదేరిన దినము, చేరిన దినము ఉన్నట్లే లెక్క.

పెండ్లియైనవాడు అనివాసియైనచో భార్యతో కలిపి ఒకే రిటర్ను పంపరాదు. వివాహితుడై విడిగా దాఖలు చేయువాని వరుసలో నిలువవలెను. డిసెంబరు 31న వివాహితుడైనచో సంవత్సరమంతయు వివాహితుడే. ఐతే చట్టము ఒక తలుపు తెరచి ఉంచినది. దీనిని "ఫస్ట్ ఇయర్ చాయిస్" అందురు. మొదటి సంవత్సరపు కోరిక అనవచ్చును. ఆ సంవత్సరమున వరుసగ 31 దినములు అక్కడ ఉండి, ఆ వరుస మొదలైన దినమునుండి డిసెంబరు 31 వరకు గల దినములలో నూటికి 75 వంతులు ఉండి, మరుసటి సంవత్సరము 183 లెక్క నింపినచో, నన్ను అక్టోబరు 1 నుండియే నివాసిగా తలంపుడని కోరవచ్చును. 92లో 75 వంతులు 69. మనవాడు ఉన్నది 71. పెండ్లికి వచ్చినవాడు మరి మూడు దినములు అత్తవారింట నిలిచియున్నచో 68 అయ్యెడిది. ఐదు దినముల వరకు కొరతను మన్నింతురు గాని అంతవరకు పోనక్కరలేకపోయినది. ఈ కోరికకు మరియొక కోరికను జోడించి, భార్యను కూడ నివాసిగా తలంపుమని ఇద్దరును సంతకము చేసినచో, సంవత్సరమంతటికి కలిపి ఒకే 1040 పంపవచ్చును. 2024కు దంపతుల స్టాండర్డ్ డిడక్షన్ 29,200 డాలర్లు. శ్లాబులును వెడల్పు.

ఒంటరివానికి మొదటి కోరిక వలన లాభము అరుదు. సగము సంవత్సరము అనివాసి, సగము నివాసియైన రిటర్నుకు ఆ స్థిరమైన తీసివేత సాధారణముగ దొరకదు. పెండ్లియైనవానికే దీని రుచి.

ఇక్కడ తొందర పనికిరాదు. 2025లో 183 నిండవలెనను షరతు ఉన్నది గదా. 71లో మూడవ వంతు ఇరువదిమూడు చిల్లర. మిగిలిన 160 దినములు 2025లోనివి కావలెను. జనవరి 1 నుండి కదలకున్నను జూన్ 9కి గాని అవి నిండవు. రిటర్ను గడువు ఏప్రిల్ 15. కనుక 4868 ఫారముతో అక్టోబరు 15 వరకు వ్యవధి కోరి, కట్టవలసిన పన్నును మాత్రము ఏప్రిల్‌లోనే అంచనాపై కట్టివేయవలెను. వ్యవధి కాగితమునకే గాని డబ్బుకు కాదు. ఫిబ్రవరిలో వచ్చి చేరిన కోడలికి సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు గనుక డబ్ల్యు-7 ఫారముతో పన్నుల నంబరు తెచ్చుకొనవలసి వచ్చినది.

ఈ మేలునకు వెల కూడ ఉన్నది. నివాసియన్న మాటకు ప్రపంచములో ఎక్కడి ఆదాయమైనను చూపవలెనని అర్థము. అనివాసికి అమెరికా ఆదాయమే లెక్క. ఇద్దరును సంవత్సరమంతయు నివాసులమని వ్రాసికొనగానే మండపేట ఆ రిటర్నులోనికి వచ్చినది. పెండ్లికి ముందే పుట్టింటివారు అమ్మాయి పేరిట వేసిన ఫిక్సెడ్ డిపాజిట్ల వడ్డీ వచ్చినది. పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన ఎకరము పొలముపై సార్వాకును దాళ్వాకును వచ్చు కౌలు వచ్చినది. సాగు ఆదాయమునకు మన దేశమున ఆదాయపు పన్ను లేదు. కాని మన మినహాయింపు వారికి మినహాయింపు కాదు. ఇక్కడ పన్ను కట్టిన వడ్డీకైనచో అక్కడ ఆ మేరకు తగ్గింపు అడుగవచ్చును. ఇక్కడ కట్టనిదానికి ఏమి అడుగుదుము? బస్తాలుగా కొలిచిన కౌలును రూపాయలలోనికి, రూపాయలను డాలర్లలోనికి మార్చి వ్రాసితిమి. కోడలి తండ్రి "పొలం ఇక్కడ, ధాన్యం ఇక్కడ, వాళ్లకేం సంబంధమండీ?" అని నొచ్చుకొనిరి. ఆయన కోపములో న్యాయము లేకపోలేదు. చట్టము మాత్రము అది. కలిపి పంపుటలోని లాభము ఈ పన్నుకంటె చాల ఎక్కువగ తేలినందున అందరును ఒప్పుకొనిరి.

తల్లిదండ్రులు చెవినిడవలసిన విషయము మరియొకటి. నివాసియైన పిమ్మట ఆ పిల్లవానికి విదేశములలోగల ఖాతాలన్నింటి మొత్తము సంవత్సరములో ఏ ఒక్కనాడైనను 10,000 డాలర్లు దాటినచో, ఎఫ్‌బార్ అను నివేదికను అమెరికా ఖజానాకు పంపవలెను. 2024 చివరి మారకముతో అది సుమారు ఎనిమిదిన్నర లక్షల రూపాయలు. ఇది పన్ను కాదు, తెలియజేయుట మాత్రమే. కాని పంపనిచో తెలియక చేసినదైనను నివేదిక ఒక్కింటికి పదివేల డాలర్లు, దానిపై ధరల పెరుగుదలను బట్టి మరికొంత వరకు జరిమానా వేయవచ్చును. ఆ జరిమానా ఖాతాకొక్కటి కాదు, నివేదికకొక్కటియే యని 2023 ఫిబ్రవరిలో బిట్నర్ అనునతని వ్యాజ్యమున అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మన బ్యాంకులు అట్టి ఖాతాల వివరములను పంపుటకు 2015లోనే ఇరు ప్రభుత్వముల నడుమ ఒప్పందము జరిగినది.

ఖాతా ఎవరిదని అడుగుదురేమో. మన ఇండ్లలో తండ్రి తన ధాన్యపు డబ్బును, ఉద్యోగ విరమణ సొమ్మును బ్యాంకులో వేయునప్పుడు, రేపు నాకేమైనను అగునని కుమారుని పేరు కూడ చేర్చును. డబ్బు తండ్రిది, ప్రేమ తండ్రిది. ఐనను రసీదుమీద రెండవ పేరున్న కుమారుడు ఆ ఖాతా మొత్తమును తన నివేదికలో చూపవలెను. నామినీగా వ్రాసినచో అట్లు కాదు. నామినీకి తండ్రి జీవించియున్నంతవరకు ఖాతాపై హక్కు లేదు. ఈ రెంటి భేదము బ్యాంకు కౌంటరు వద్ద ఎవరును విడమరచి చెప్పరు.

మా మిత్రునకు అటువంటి రసీదులు నాలుగు ఉండెను, పండ్రెండు లక్షలకు. 2025 సంవత్సరపు నివేదికలో కుమారుడు వాటిని చూపవలసినదే యని చెప్పి, గడువు తీరిన వాటిని మరల వేయునప్పుడు ఆయనతో నేనును బ్యాంకుకు వెళ్లితిని. దరఖాస్తులో రెండవ ఖాతాదారు అనుచోట ఆయన చేయి అలవాటుగా కొడుకు పేరు వ్రాయబోయి ఆగెను. "పేరు తీసేస్తే వాడేమైనా అనుకుంటాడాండీ?" అని నన్ను అడిగిరి. నేను కలము తీసికొని నామినీ అను గడిలో ఆ పేరు వ్రాసి, ఆ చోట భార్య పేరు వ్రాయుడని వారికి కాగితము ఇచ్చితిని.